మూడో శనివారం, విద్యానగర్

నెలలో మూడో శనివారం
విద్యానగర్‌లో టైపు ఇన్‌స్టిట్యూట్ పై అంతస్తులో
మేం పదకొండుమందిమి కలుస్తాం.
కింద ఇప్పటికీ నాలుగు మిషన్లు టకటకలాడుతుంటాయి.
పైన మేం, హెచ్చార్ వాళ్ళం,
జీడిమెట్ల నుంచి ఒకరు, ఉప్పల్ నుంచి ఇద్దరు,
పటాన్‌చెరు నుంచి రెండు బస్సులు మారి నేను.

చెప్పులు బయట విప్పాలని ఎవరూ రాసిపెట్టలేదు,
అయినా విప్పుతాం.
ఎవరు మొదలుపెట్టారో గానీ
మెడలోని ఐడీ కార్డులు కూడా తీసి
కిటికీ పక్క మేకుకి తగిలిస్తాం.
ఫ్యాను తిరిగితే పదకొండు మొహాలు
ఒకదాన్నొకటి తట్టుకుంటాయి.

ఆఫీసు క్యాంటీన్‌లో నేను పళ్ళెం పట్టుకుని వెళ్తే
బల్ల దగ్గర నవ్వు సగంలో తెగుతుంది.
చూపులన్నీ పెరుగన్నంలోకి దిగిపోతాయి.
ఇక్కడ నవ్వు చివరిదాకా పోతుంది.
పోయాక, అలవాటు కొద్దీ,
అందరం ఒకసారి తలుపు వైపు చూస్తాం.

ఈసారి పాఠం:
ఉద్యోగం పోయిందని మనిషికి చెప్పడం.
చెప్పేది మొగులయ్య సార్.
ఆజమాబాద్‌లో టైమ్‌కీపర్‌గా చేరి
ముప్పై నాలుగేళ్ళకు పర్సనల్ ఆఫీసరుగా దిగిన మనిషి.
బోర్డు మీద ఏమీ రాయరు,
కుర్చీలు జరుపుతారు.

"బల్ల అడ్డం బెట్టకు బిడ్డా,
అటొకలు ఇటొకలు కూసుంటే అది కచేరీ అయితది.
తలుపు దిక్కు కుర్చీ ఆయనకియ్యి.
లేసి పోవాలనిపిస్తే
నిన్ను దాటుకొని పోయే గతి పట్టొద్దు.
మొదటి మాట్లనే చెప్పు.
పిల్లలెట్లున్నరని అడిగి, ఆనక చెప్పినవనుకో,
జిందగీల ఇంకెవ్వలు పిల్లల్నడిగినా
ఆయన గుండె దడదడ అంటది."

తహసీన్ నోట్‌బుక్కులో రాసుకుంది.
కృపావతి రాసుకోలేదు,
కొంగు అంచు మెలిపెడుతూ కూర్చుంది.
వాళ్ళ కంపెనీలో జాబితా ఇంకా తయారవుతోంది.

జంటలుగా నటించమన్నారు.
నాకు ఉద్యోగం పోయిన మనిషి వేషం.
ఎదురుగా శ్రీకర్, ఈ పనిలోకి వచ్చి ఎనిమిది నెలలు,
ఇస్త్రీ చొక్కా, చెమట చేతులు.
"సులోచన గారూ," అన్నాడు. పేరు నేనే ఇచ్చాను.
"ఈ నెలాఖరుతో మీ ఉద్యోగం ముగుస్తుంది."
ఇక నా వంతు.

ఏడవాలా, అరవాలా, తోచలేదు.
సులోచన ఆరోజు నాతో అన్నదే అన్నాను:
"ఈ కుర్చీ కిర్రుమంటున్నది మేడమ్,
జర నూనె ఏపియ్యుండ్రి."

కింద ఒక మిషను లైను చివర గంట కొట్టింది.
క్యారేజీ వెనక్కి లాగిన చప్పుడు.

మార్చిలో ఒక గురువారం అది.
ఇరవై ఆరుమందిలో ఆమె పంతొమ్మిదో మనిషి.
ప్యాకింగ్ లైనులో పదకొండేళ్ళు.
లాయరు దిద్దిన వాక్యాలు చదివాను,
ఒక్క కామా కూడా నాది కాదు.
పీఎఫ్ ఫారం మీద ఎక్కడ సంతకమో
వేలితో చూపించాను.
ఆ రాత్రి మావాడు స్కూలు డైరీ తెచ్చి
"ఇక్కడ సంతకం పెట్టమ్మా" అని వేలు పెడితే
పెన్ను ఎత్తడానికి చాలాసేపు పట్టింది.

సార్ ఏమంటారోనని చూశాను.
నీ తప్పేం లేదనలేదు.
అందరికీ జరిగేదే అనలేదు.
"నూనె ఏసినవా?" అన్నారు.
లేదన్నాను.
"సోమారం ఏయి."

చాయ్ దగ్గర శ్రీకర్ మెల్లగా అడిగాడు,
నేను సరిగ్గా చెప్పానా అని.
మాట సరిగ్గానే చెప్పావు,
చెప్పాక కిటికీ వైపు చూశావు,
చూడకు, అన్నాను.
ఈ సంగతి నాకు ఎవరైనా మార్చికి ముందు చెప్పి ఉంటే.

మేకు మీంచి కార్డులు తీసుకుంటూ
తహసీన్ మొహం మెడలో వేసుకున్నాను.
మెట్ల మీద కేకేసి మార్చుకుంది.

నల్లకుంట మలుపులో హార్డ్‌వేర్ షాపు.
కుట్టుమిషను నూనె, చిన్న డబ్బా, నలభై రూపాయలు.
"బిల్లు ఏ పేరు మీద మేడమ్?"
బిల్లు వద్దు.

బస్సు అమీర్‌పేట దాటేసరికి
మూత వదులై
నా టిఫిన్ బాక్సుకి, రుమాలుకి,
మొగులయ్య సార్ ఇచ్చిన కాగితాలకి
ఆ వాసనే.